కళ: స్వరూపం, వస్తువు, అర్థం

మనిషి తన నేర్పుతో రాయికో, రంగుకో, గొంతుకో, మాటకో, దేహానికో ఒక రూపాన్ని కల్పించి, దాని ద్వారా ఎదుటివారిలో అనుభవం కలిగించే పనిని కళ అంటారు. ఆ పని వల్ల పుట్టినదాన్ని కళాఖండం, కళాకృతి అంటారు. చేసే నేర్పు, చేసిన రూపం, దాన్ని అందుకునే మనిషి అని ఈ నిర్వచనంలో మూడు అంశాలున్నాయి. కళను గురించి వచ్చిన సిద్ధాంతాలు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకదానికి పెద్దపీట వేసినవే. కళ అంటే ఏది, అది దేన్ని చూపుతుంది, చూపినదానితో ఏం చెబుతుంది అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. వీటిని స్వరూపం, వస్తువు, అర్థం అని వ్యవహరిస్తారు. ఉదాహరణలు ఎక్కువగా తెలుగు నేలవి.

పదం, వాడుక

సంస్కృతంలో ‘కళ’ అంటే చిన్న భాగం. చంద్రబింబంలో పదహారో వంతు ఒక కళ. నేర్పు, విద్య అన్న అర్థాలూ ఈ మాటకు ప్రాచీన కాలం నుంచే ఉన్నాయి. వాత్స్యాయనుడి కామసూత్రాల్లోని అరవైనాలుగు కళల పట్టికలో పాట, వాద్యం, నృత్యం, చిత్రలేఖనంతోపాటు పూలమాలలు గుచ్చడం, వంట, వడ్రంగం, పొడుపుకథలు కూడా కనిపిస్తాయి. బొమ్మ గీసేవాడికీ పూలు గుచ్చేవాడికీ మధ్య ఆ పట్టిక గీత గీయలేదు. గ్రీకుల ‘టెక్నే’, లాటిన్‌లోని ‘ఆర్స్’ కూడా మొదట నేర్పుతో కూడిన పనులన్నిటికీ వర్తించిన మాటలే.

కొన్ని కళలను విడదీసి ఒక గుంపుగా చూడటం చరిత్రలో ఆలస్యంగా జరిగింది. ఫ్రెంచి రచయిత చార్లెస్ బాట్యో 1746లో ప్రచురించిన గ్రంథంలో సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం, శిల్పం, నృత్యం అనే అయిదింటినీ ఒకే సూత్రం కిందికి తెచ్చాడు. తెలుగులో ఇప్పుడు లలితకళలు అనగానే లెక్కపెట్టేవీ ఈ అయిదే. సౌందర్య మీమాంసకు యూరపులో స్థిరపడిన పేరు ‘ఈస్తటిక్స్’. దాన్ని జర్మన్ తత్త్వవేత్త బౌమ్‌గార్టెన్ 1735లో ప్రవేశపెట్టాడు.

తెలుగువాళ్ల నిత్యవ్యవహారంలో ఈ మాటకు మరో అర్థం ఉంది. పెళ్లికూతురికి పెళ్లికళ వచ్చిందంటాం. జబ్బుపడి లేచినవాడి ముఖంలో కళ తప్పిందంటాం. ఇక్కడ కళ అంటే నేర్పు కాదు, జీవం. కళాఖండం ముందు నిలబడి ‘జీవకళ ఉట్టిపడుతోంది’ అనే మనిషి ఈ రెండు అర్థాలనూ ఒకేసారి వాడుతున్నాడు. శాస్త్రగ్రంథాలు ఈ వాడుకను అంతగా పట్టించుకోలేదు కానీ, కళ స్వరూపం గురించి ఇది చెప్పే విషయం చిన్నదేమీ కాదు.

స్వరూపం: ప్రధాన సిద్ధాంతాలు

అనుకరణ. కళ లోకాన్ని అనుకరిస్తుందన్నది అన్నిటికంటే పాత భావన. వడ్రంగి చేసిన మంచం ఆదర్శరూపానికి నకలు, చిత్రకారుడి మంచం ఆ నకలుకు నకలు అని ప్లేటో ‘రిపబ్లిక్’ పదో భాగంలో వాదించాడు. అందువల్ల చిత్రం సత్యానికి దూరమని ఆయన తీర్పు. అరిస్టాటిల్ దీన్ని అంగీకరించలేదు. నిజజీవితంలో చూడలేని బాధాకర దృశ్యాలను కూడా బొమ్మలో చూసి మనిషి ఆనందించగలడని, అనుకరణ వల్ల గ్రహింపు కలుగుతుందని ‘కావ్యశాస్త్రం’లో చెప్పాడు.

భారతీయ ఆలంకారికుల్లో శ్రీశంకుకుడు ఇదే సమస్యను చిత్రంలోని గుర్రంతో వివరించాడు. బొమ్మలో గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అంటాం. అది నిజమైన గుర్రమన్న భ్రమ మనకు లేదు. గుర్రమా కాదా అన్న సందేహం కూడా లేదు. నిజం, అబద్ధం, సందేహం, పోలిక అనే నాలుగు జ్ఞానాల్లో దేనికీ చెందని మరో రకం తెలివిడి అది. దీన్నే చిత్రతురగ న్యాయం అంటారు. కళాఖండం ముందు మనసు ఏ స్థితిలో ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే సూక్ష్మమైన ఉపమానం దొరకడం కష్టం.

రసం. భరతుడి నాట్యశాస్త్రం ప్రేక్షకుడి అనుభవం నుంచి బయలుదేరుతుంది. భావానికి కారణాలైన విభావాలు, దాన్ని బయటపెట్టే అనుభావాలు, వచ్చిపోయే వ్యభిచారి భావాలు కలిసినప్పుడు రసం నిష్పన్నమవుతుందని ఆయన సూత్రం. శృంగారం, హాస్యం, కరుణం, రౌద్రం, వీరం, భయానకం, బీభత్సం, అద్భుతం అనే ఎనిమిది రసాలను భరతుడు చెప్పాడు. తొమ్మిదోదైన శాంతం తరువాతి చర్చల్లో స్థిరపడింది. ఆ కలయికను వివరించడానికి ఆలంకారికులు పానకాన్ని ఉదాహరించారు. శ్రీరామనవమి నాడు తాగే పానకంలో బెల్లం తీపి వేరుగా, మిరియం ఘాటు వేరుగా నాలుకకు తగలవు. అన్నీ కలిసి వాటిలో దేనికీ చెందని ఒక కొత్త రుచి పుడుతుంది. రసమూ అలాంటిదే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రంగస్థలం మీద సీత ఏడిస్తే ప్రేక్షకుడికి ఎందుకు దుఃఖం? ఆమె అతనికి ఏమవుతుంది? భట్టనాయకుడు సాధారణీకరణం అనే భావనతో సమాధానమిచ్చాడు. రంగం మీది దుఃఖం ఫలానా మనిషి దుఃఖంగా కాక, ఎవరిదీ కాని, అందరిదీ అయిన దుఃఖంగా ప్రేక్షకుడికి అందుతుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు ఈ చర్చ మొత్తాన్ని ‘అభినవభారతి’ వ్యాఖ్యానంలో క్రోడీకరించి దానికి తాత్త్వికమైన పునాది వేశాడు. అందుకోగల మనసున్న ప్రేక్షకుణ్ణి సహృదయుడు అన్నారు. (చూ. రససిద్ధాంతం, సహృదయుడు.)

భావప్రకటన, రూపం. కళాకారుడు తాను అనుభవించిన భావాన్ని ఎదుటివారికి అంటించడమే కళ అని టాల్‌స్టాయ్ 1897–98లో వెలువడిన గ్రంథంలో నిర్వచించాడు. బ్రిటిష్ తత్త్వవేత్త కాలింగ్‌వుడ్ 1938లో దీన్ని సవరించాడు. కళాకారుడికి తన భావమేమిటో ముందే తెలియదని, పని చేస్తూ చేస్తూ దాన్ని తెలుసుకుంటాడని ఆయన వాదం. పద్యం రాసినవాళ్లకూ రాగం ఆలపించినవాళ్లకూ ఈ మాట అనుభవంలోనిదే. వీరికి భిన్నంగా, రేఖలు, రంగులు, వాటి అమరిక మాత్రమే ముఖ్యమని క్లైవ్ బెల్ 1914లో ప్రతిపాదించాడు.

సంస్థాగత దృష్టి. మార్సెల్ దుషాఁ 1917లో కారఖానాలో తయారైన పింగాణీ మూత్రపాత్రను ‘ఫౌంటెన్’ అనే పేరుతో, ఆర్. మట్ అనే సంతకంతో న్యూయార్క్‌లోని ఒక ప్రదర్శనకు పంపాడు. రుసుము కట్టినవారందరి కృతులనూ తీసుకునే ప్రదర్శన అయినా దాన్ని చూపలేదు. మూలవస్తువు తరువాత కనిపించకుండా పోయింది. అయినా ఇరవయ్యో శతాబ్దపు కళాచర్చ ఆ వస్తువును దాటిపోలేకపోయింది. దానిలో అనుకరణ లేదు, చేతిపని లేదు. అది కళ అయితే ఏ లక్షణం వల్ల కళ? కళకు శాశ్వత లక్షణాలు చెప్పడమే తప్పు ప్రయత్నమని మోరిస్ వైట్జ్ 1956లో అన్నాడు. ఒక వస్తువును కళగా చూడటానికి కళాచరిత్ర, సిద్ధాంతం కలిసిన ఒక ‘కళాలోకం’ అవసరమని ఆర్థర్ డాంటో 1964లో వాదించాడు.

ఈ సిద్ధాంతాల్లో ఏ ఒక్కటీ అన్ని కళలకూ సరిపోదు. అనుకరణ వాదం ముగ్గు దగ్గర ఆగిపోతుంది. తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టి, చేయి ఎత్తకుండా వాటి చుట్టూ తిప్పే మెలికల ముగ్గు దేనికి అనుకరణ? సంస్థాగత వాదమూ అక్కడ నిలవదు. ఏ ప్రదర్శనశాలా దాన్ని కళ అని ప్రకటించలేదు, మధ్యాహ్నానికి అది కాళ్ల కింద చెరిగిపోతుంది. అయినా దాని లెక్క, సౌష్ఠవం, వేసే చేతి ధీమా చూసినవారు అది కళ కాదనలేరు.

కళల పరస్పర సంబంధం

విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో చిత్రసూత్రం అనే భాగం ఉంది. వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని దేవతా ప్రతిమలు చేసే పద్ధతి అడుగుతాడు. చిత్రసూత్రం తెలియనిదే ప్రతిమాలక్షణం తెలియదంటాడు ముని. నృత్తం తెలియనిదే చిత్రం పట్టుబడదు, వాద్యం తెలియనిదే నృత్తం రాదు, గీతం తెలియనిదే వాద్యం రాదు. రాతిలో మొదలైన ప్రశ్న మనిషి గొంతు దగ్గర ముగుస్తుంది.

ఈ మాటకు తెలుగు నేల మీద నిదర్శనం ఉంది. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించాడు. చూరు కింద నల్లరాతి మదనికలు, గోడల మీద, స్తంభాల మీద నర్తకులు, మద్దెల వాయించేవారు కనిపిస్తారు. అదే రాజు దగ్గర సేనానిగా ఉన్న జాయప 13వ శతాబ్ది మధ్యలో ‘నృత్తరత్నావళి’ రచించాడు. అందులో పేరిణి నృత్తానికి లక్షణాలున్నాయి. నృత్తం మాత్రం ఆచరణలో లేకుండా పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ పక్కపక్కన పెట్టి పేరిణి శివతాండవాన్ని పునర్నిర్మించారు. నాట్యం చూసి శిల్పి రాతిలో చెక్కినదాన్ని ఏడు వందల ఏళ్ల తరువాత మరో నాట్యాచార్యుడు రాతి నుంచి దేహానికి తిరిగి తెచ్చాడు. రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. (చూ. పేరిణి, జాయప సేనాని.)

పదార్థం, పనితనం

కళను గురించిన చర్చల్లో భావానికి దొరికిన చోటు పదార్థానికి దొరకలేదు. ఇది పెద్ద లోటు. పదార్థం కళాకారుడు చెప్పినట్టల్లా వినదు. అది ఎంతవరకు వింటుందన్న దాని మీదే రూపం ఆధారపడుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ముతక నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకదు. కాల్చిన చింతపుల్లతో బొమ్మ తీరు గీసుకుంటారు. ఇక అసలు గీత కలానిది. మొన చెక్కిన వెదురు పుల్లకు కొంచెం పైన గుడ్డపీలికో ఉన్నో చుట్టి దారంతో బిగించిన సాధనమే కలం. ఆ చుట్టు రంగు నీటిని పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కేకొద్దీ నీరు మొనకు దిగుతుంది. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవమే నల్లరంగు. కుండలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే అందులోని ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి గీత నల్లబడుతుంది. చెరపడానికి వీల్లేదు. అందుకే కలంకారీ గీతలో తడబాటు ఉండదు. తడబడే చేతికి అక్కడ చోటు లేదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, చిరువేరు, మంజిష్ఠ వంటివాటితో కాచిన రంగులో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే రంగు నిలుస్తుంది. పసుపు కరక్కాయ పువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి. దశ దశకూ గుడ్డను పారే నీటిలో ఉతకాలి.

ఈ పని వృత్తినైపుణ్యమా, కళా? లలితకళ, చేతివృత్తి అన్న విభజన ఇక్కడ పనికిరాదు. రామాయణ ఘట్టాలను గుడ్డ మీద గళ్లుగళ్లుగా కూర్చి, కింద తెలుగులో కథ రాసే చేతిని వృత్తిదారు చెయ్యి అని మాత్రమే లెక్కకట్టడం అన్యాయం. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. మచిలీపట్నం సమీపంలోని పెడనలో కలంకారీ చెక్క అచ్చులతో జరుగుతుంది. అక్కడ నేర్పు అచ్చు చెక్కేవారికీ అద్దేవారికీ మధ్య పంచుకుని ఉంటుంది. (చూ. కలంకారీ, అద్దకం.)

చిత్రలేఖనానికి కావలసిన నేర్పును ఆరు అంగాలుగా కామసూత్రాల వ్యాఖ్యాత యశోధరుడు చెప్పాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అన్నవి ఆ ఆరు. మొదటి రెండూ చివరి రెండూ కంటికీ చేతికీ సంబంధించినవి. నడుమ ఉన్న భావం, లావణ్యం చూసేవాడికి తెలిసేవి. పెళ్లికళ అన్నప్పుడు తెలుగువాళ్లు చెప్పే కళ ఈ లావణ్యానికి దగ్గర.

వస్తువు

కళాకృతి దేన్ని గురించినదో అది దాని వస్తువు. ధనంజయుడి ‘దశరూపకం’ (10వ శతాబ్ది) రూపకాలను వస్తువు, నేత, రసం అనే మూడింటిని బట్టి వేరుచేసింది. వస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించింది. పురాణేతిహాసాల్లో ప్రసిద్ధమైనది ప్రఖ్యాతం, కవి కల్పించినది ఉత్పాద్యం, రెండూ కలిసినది మిశ్రం. తెలుగు ప్రబంధకవులు ఈ విభజనను తమ చర్చలోకి తెచ్చుకున్నారు. ‘వసుచరిత్ర’ అవతారికలో రామరాజభూషణుడు కల్పిత కథలను కృత్రిమ రత్నాలతో, పురాతన కథలను గనిలో పుట్టిన రత్నాలతో, మిశ్రాన్ని సానపట్టిన రత్నాలతో పోల్చాడు. ఆ కాలంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో పూర్తిగా కల్పిత కథను చేపట్టి, కృత్రిమ రత్నమన్న మాట అన్నివేళలా చెల్లదని చూపాడు.

దృశ్యకళల్లో వస్తువును నిర్ణయించినవారు చాలాకాలం పోషకులే. లేపాక్షి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల ఆధ్వర్యంలో రూపుదిద్దుకుంది. కప్పు మీది చిత్రాల్లో పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం వంటి శైవకథలున్నాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు రాసే పటాలకు వస్తువు కులపురాణం. పటం ఎవరి ముందు విప్పుతారో వారి మూలకథే అందులో ఉండాలి. కూనపులివారు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం పటం విప్పి, ఒక్కొక్క గడినీ చూపిస్తూ కథ చెబుతారు. ఇక్కడ బొమ్మ వస్తువును ఎన్నుకోవడం కాదు, వినే జనమే బొమ్మను రాయించుకుంటారు.

ఆధునిక కాలంలో ఎంపిక కళాకారుడి చేతికి వచ్చింది. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) ఇరవై ఏడేళ్లకే మరణించినా, పురాణగాథలతోపాటు చుట్టూ ఉన్న మనుషులనూ పల్లెలనూ చిత్రించి ఆంధ్ర చిత్రకళకు ఒక ఒరవడి పెట్టాడు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) బోనాలు, బతుకమ్మ వంటి తెలంగాణ జనజీవితాన్ని వస్తువు చేసుకున్నారు. తోట వైకుంఠం చిత్రాల్లో పెద్ద బొట్టుతో, ముదురు రంగుల చీరలతో తెలంగాణ స్త్రీ నిలబడుతుంది. కవిత్వంలో శ్రీశ్రీ ‘ఋక్కులు’ కవితలో అల్పమనుకునే వస్తువులకూ కవితార్హత ఉందని ప్రకటించాడు.

వస్తువే లేని కళ ఉంటుందా? కజిమీర్ మాలెవిచ్ 1915లో తెల్లని నేపథ్యం మీద ఒక నల్లచదరాన్ని మాత్రమే చిత్రించి ప్రదర్శించాడు. యూరపులో అది పెద్ద తెగింపు. సంగీతంలో మాత్రం ఇది ఎప్పటినుంచో మామూలే. తోడిరాగ ఆలాపనలో కథ లేదు, మాట లేదు. వినేవారి కళ్లు చెమర్చడానికి అవి అవసరం కాలేదు.

అర్థం

వస్తువూ అర్థమూ ఒకటి కావు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. ఆడపిల్లలను డబ్బు తీసుకుని ముసలివాళ్లకు కట్టబెట్టే ఆచారం దాని వస్తువు. ఆ ఆచారం పోయింది, నాటకంలోని గిరీశం పోలేదు. చదువును పెట్టుబడిగా, సంస్కరణను నాటకంగా వాడుకునే మనిషిని అతనిలో ప్రతి తరమూ గుర్తుపడుతూనే ఉంది. వస్తువు పాతబడ్డాక కూడా పనిచేసేదే అర్థం.

శబ్దానికి నేరుగా చెప్పే అభిధ, సంబంధాన్ని బట్టి చెప్పే లక్షణ, సూచించే వ్యంజన అనే మూడు శక్తులున్నాయని ఆలంకారికులు చెప్పారు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో వ్యంజన వల్ల తోచే అర్థాన్ని ధ్వని అన్నాడు. కావ్యానికి అదే ఆత్మ అని ఆయన సిద్ధాంతం. మమ్మటుడి ‘కావ్యప్రకాశం’లో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. పొద్దు గూకింది అని ఒకరన్నారు. పశువుల కాపరికి అది మందను ఇంటికి తోలమనడం. ప్రియుణ్ణి కలవవలసిన స్త్రీకి బయలుదేరమనడం. అంగడివాడికి సరుకు సర్దుకోమనడం. మాట ఒకటే, వాచ్యార్థం ఒకటే. వినేవాడిని బట్టి, సందర్భాన్ని బట్టి ధ్వని మారింది.

దృశ్యకళలో అర్థాన్ని అంచెలుగా చదివే పద్ధతిని కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో వివరించాడు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధ అమరావతి చక్రఫలకం మీద దీన్ని పరీక్షించవచ్చు. మొదటి అంచెలో కంటికి కనిపించేవి ఏనుగు, వీధి, బెదిరి పరుగెత్తే జనం, మేడల మీది నుంచి తొంగిచూసే ముఖాలు. రెండో అంచెకు కథ తెలియాలి. బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి అనే మదపుటేనుగు ఆయన ఎదుట మోకరిల్లిన ఘట్టం అది. ఏనుగు రెండుసార్లు కనిపించడానికి కారణం అప్పుడు తెలుస్తుంది. ఒకవైపు విధ్వంసం, మరోవైపు శరణాగతి, రెండు క్షణాలూ ఒకే వలయంలో ఇమిడాయి. మూడో అంచె ఆ శిల్పాన్ని చెక్కించుకున్న సమాజం గురించి చెబుతుంది. హింసను హింసతో గాక మైత్రితో లొంగదీయవచ్చన్న నమ్మకాన్ని కృష్ణాతీరపు నగరవాసులు రాతిలో చూడదలచారు. లేపాక్షి చిత్రాల్లో పొడుగు కుళ్లాయిలు పెట్టిన పురుషులూ అద్దకపు చీరలు కట్టిన స్త్రీలూ కూడా ఈ మూడో అంచెకే అందుతారు. చిత్రకారుడు శివకథ చెబుతున్నాననుకున్నాడు. తన కాలపు వేషభాషలనూ చెప్పాడు.

ఒకే రాయి, రెండు ముఖాలు

అర్థం ఎంతగా మారగలదో చూపే కృతి ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది అమరావతి స్తూపపు గుమ్మటం (అండం) కింది వేదికకు తాపడం చేసిన పల్నాటి సున్నపురాతి పలక. దాదాపు క్రీ.పూ. 1వ శతాబ్దంలో దాని ఒక ముఖం మీద బోధివృక్షం, దాని కింద ఆసనం, చుట్టూ నమస్కరించే భక్తులు చెక్కారు. ఆసనం మీద ఎవరూ లేరు. మూడు శతాబ్దాలకు పైగా గడిచాక స్తూపాన్ని బాగుచేసినవారు పలకను తిరగేసి వెనుక ముఖం మీద కొత్త శిల్పం చెక్కారు. ఈసారి స్తూపం మొత్తం సింహాలు, ఆయక స్తంభాలు, పూలదండలతో సహా వచ్చింది. ప్రవేశద్వారం దగ్గర బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. లేనివాణ్ణి ఖాళీ ఆసనంతో సూచించిన సంప్రదాయమూ, ఉన్నవాడిగా ఎదుట నిలిపిన సంప్రదాయమూ ఒకే రాయికి అటూ ఇటూ ఉన్నాయి.

ఆ ఖాళీ ఆసనం అర్థమేమిటన్న దానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. తొలి బౌద్ధులు బుద్ధుణ్ణి మానవరూపంలో చూపకుండా చెట్టు, పాదముద్ర, చక్రం, ఆసనం వంటి చిహ్నాలతో సూచించారని ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ ఫూషే ప్రతిపాదించాడు. చాలాకాలం అదే నిలిచింది. అవి బుద్ధుడి జీవిత ఘట్టాలు కావని, ఆయన పరినిర్వాణం తరువాత భక్తులు పుణ్యస్థలాలను సేవించే దృశ్యాలని సూసన్ హంటింగ్టన్ 1990లో వాదించారు. ఆసనం ఖాళీగా ఉండటానికి కారణం అక్కడ నిజంగానే ఎవరూ లేకపోవడమని ఆ వాదం సారాంశం. ఒకే చిహ్నం సందర్భాన్ని బట్టి బుద్ధుణ్ణీ, పుణ్యస్థలాన్నీ, ధర్మాన్నీ సూచించగలదని, కొన్నిసార్లు అన్నిటినీ కలిపి సూచించగలదని విద్యా దెహెజియా 1991లో సమాధానమిచ్చారు. ధ్వని సిద్ధాంతంతో పెరిగిన పాఠకుడికి ఈ మూడో వాదమే ఎక్కువ సహజంగా తోస్తుంది. పొద్దు గూకిందన్న మాటకు ముగ్గురు మూడర్థాలు తీసుకోగలిగినప్పుడు, ఖాళీ ఆసనానికి ఒక్క అర్థమే ఉండితీరాలన్న పట్టుదల అవసరం లేదు. (చూ. అమరావతీ శిల్పం, ధ్వని.)

కర్త ఉద్దేశం

కృతి అర్థాన్ని నిర్ణయించేది కర్త ఉద్దేశమేనా? కవి ఏమనుకున్నాడన్నది కావ్యాన్ని తూచే తూనిక కాదని అమెరికన్ విమర్శకులు విమ్‌శాట్, బియర్డ్‌స్లీ 1946లో వాదించారు. భారతీయ సంప్రదాయం ఈ చిక్కులో అంతగా పడలేదు. అమరావతి, లేపాక్షి కళాకారుల్లో ఎక్కువమంది పేర్లే మనకు తెలియవు. పేరు తెలియని చేయి చేసిన పని ముందు చూసేవాడికి కృతి ఒక్కటే సాక్ష్యం. అలాగని ఉద్దేశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. నలగిరి కథ తెలియకుండా చక్రఫలకాన్ని చూసినవాడికి అది ఏనుగుల జత మాత్రమే.

ప్రయోజనం: తెలుగునాట జరిగిన చర్చ

కళకు కళే ప్రయోజనమన్న వాదం ఫ్రాన్సులో తెయోఫిల్ గోత్యే 1835 నవలకు రాసిన ముందుమాటతో బలపడింది. తెలుగులో ‘కళ కళ కోసమా, ప్రజల కోసమా’ అన్న చర్చ అభ్యుదయ సాహిత్యంతో ముమ్మరమైంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధినాటకాన్ని ఉద్యమసాధనాలుగా మలిచింది. షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపు తెచ్చాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం తెలంగాణ రైతు పోరాటాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. రెండు పక్షాలూ తరచు పట్టించుకోని విషయం ఒకటుంది. బుర్రకథలో తంబురా శ్రుతి తప్పితే, వంతల తాళం తప్పితే సందేశం కూడా జనానికి చేరదు. ప్రయోజనం ఏదైనా అది రూపం గుండానే నెరవేరాలి.

స్థలం, కళ

కళాఖండం ఉన్న చోటు కూడా దాని అర్థంలో భాగమే. అమరావతి దిబ్బను కాలిన్ మెకంజీ 18వ శతాబ్ది చివర మొదటిసారి చూశాడు. అప్పటికే అక్కడి రాళ్లను కొత్త కట్టడాలకు తరలిస్తున్నారు. 1816లో ఆయన తిరిగి వచ్చి శిల్పాల చిత్రపటాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకూ, అక్కడి నుంచి చాలావరకు లండన్‌కూ చేరాయి. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే యాత్రికుడి కోసం వరుసగా అమర్చిన కథలు ఇప్పుడు విడివిడి గదుల్లో, విడివిడి దేశాల్లో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా అమరావతి శిల్పాలున్నాయి. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో మరో పెద్ద సంచయం ఉంది. కొన్ని అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున, స్తూపం ఉన్న చోట ఇప్పుడు మిగిలినది గుండ్రని ఇటుక పీఠం, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలు.